విమానంలో సుఖంగా కూర్చోవాలంటే: చెవులు, చార్జింగ్, సామాను గురించి మీ ప్రశ్నలు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం విమాన ప్రయాణం గురించే. ఏం కొనాలి, ఏది దండగ, ఏది లోపలికి రానిస్తారు అని. ఒకేలా ఉన్నవాటిని కలిపి ఆరింటికి జవాబులు రాస్తున్నాను. ముందుగా ఒక మాట. కొత్త వస్తువు ఏది కొన్నా పెట్టెతో సహా విమానంలోకి తీసుకెళ్లి అక్కడ విప్పకండి, ఇంట్లో కనీసం ఒక సాయంత్రం వాడి చూడండి. ఎలా కలపాలో తెలియక, సరైన వైరు లేక మంచి వస్తువు బ్యాగులోనే ఉండిపోవడం నేను చాలాసార్లు చూశాను.

ప్రశ్న: నాకు తరచూ తొమ్మిది, పది గంటల విమాన ప్రయాణాలు ఉంటాయి. దిగేసరికి తల దిమ్మెక్కిపోతుంది. నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్స్ నిజంగా పనిచేస్తాయా, లేక అంతా ప్రచారమేనా?

జవాబు: పనిచేస్తాయండీ. విమానం కోసం ఒక్క వస్తువే కొంటాను, ఏది కొనమంటారు అని ఎవరడిగినా నేను చెప్పేది ఇదే. ఇంజిన్ల హోరు, బయట గాలి రాపిడి, లోపలి ఏసీ చప్పుడు అన్నీ కలిసి, ఎగురుతున్నంతసేపూ క్యాబిన్‌లో సుమారు 80 నుంచి 85 డెసిబెల్స్ మోత ఉంటుంది. కాసేపటికి చెవి దానికి అలవాటు పడిపోతుంది కాబట్టి మనకి తెలియదు గానీ, గంటల తరబడి ఆ హోరులో కూర్చుంటే ఒళ్లు అలిసిపోతుంది. నేను మొదటిసారి వాటిని పెట్టుకుని మీట నొక్కినప్పుడు, పక్కనే నడుస్తున్న పెద్ద మోటారుని ఎవరో నాలుగు గదుల అవతలికి తీసుకెళ్లి తలుపేసినట్టు అనిపించింది. కాసేపయ్యాక నీళ్లు అడగడానికని తీస్తే ఆ మోత మళ్లీ మీద పడింది, ఇన్నాళ్లూ ఇందులోనా కూర్చున్నాను అనుకున్నాను.

లోపల జరిగేది ఏమిటంటే, హెడ్‌ఫోన్స్‌కి ఉన్న చిన్న మైకులు బయటి శబ్దాన్ని పట్టుకుంటాయి, దానికి సరిగ్గా తిరగేసిన తరంగాన్ని స్పీకర్ అప్పటికప్పుడు పుట్టిస్తుంది, రెండూ కలిసి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఇంజిన్ హోరులా ఒకే తీరుగా సాగే బరువైన శబ్దం బాగా తగ్గుతుంది. పసిపిల్లల ఏడుపు, పక్కవాళ్ల మాటలు అంతగా తగ్గవు. పూర్తి నిశ్శబ్దం వస్తుందనుకుని మాత్రం కొనకండి, నిరాశ పడతారు.

ఈ హెడ్‌ఫోన్స్ ఆలోచన పుట్టింది కూడా విమానంలోనే. బోస్ ఆడియో కంపెనీ స్థాపకుడు అమర్ బోస్ 1978లో జ్యూరిక్ నుంచి బోస్టన్ వెళ్తూ, విమానంలో ఇచ్చిన హెడ్‌ఫోన్స్‌తో పాటలు వినబోతే ఇంజిన్ మోతలో అన్నీ కలిసిపోయాయి. ఆయన ఆ ప్రయాణంలోనే కూర్చుని లెక్కలు కట్టడం మొదలుపెట్టారు. పైలట్ల హెడ్‌సెట్ 1989లో వచ్చింది, మనలాంటి ప్రయాణికులు కొనుక్కునే క్వైట్‌కంఫర్ట్ అనే బోస్ హెడ్‌ఫోన్స్ వచ్చేసరికి 2000 అయింది.

చెవి మొత్తం కప్పేవి కొనాలా, చెవిలోపల పెట్టుకునే చిన్న బడ్స్ కొనాలా అంటే, కూర్చుని సినిమాలు చూసేవాళ్లకి పెద్దవి, పక్కకి వాలి నిద్రపోయేవాళ్లకి బడ్స్. బడ్స్‌తో పాటు వచ్చే రబ్బరు టిప్స్‌లో మీ చెవికి సరిపోయేది వెతుక్కోండి, అది వదులుగా ఉంటే ఎంత మంచి బడ్ అయినా బయటి మోత లోపలికి వచ్చేస్తుంది. ఇంకో లాభం చాలామంది గమనించరు. చుట్టూ మోత తగ్గితే మనం వాల్యూమ్ కూడా తగ్గించే వింటాం, చెవికి అదే మేలు.

ప్రశ్న: సీటు ముందున్న స్క్రీన్‌కి నా బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ కలవలేదు. ప్రయాణమంతా సినిమా మూగగా చూశాను. దీనికి దారి ఉందా?

జవాబు: ఉంది. కొన్ని కొత్త విమానాల స్క్రీన్లకి బ్లూటూత్ వచ్చింది గానీ, చాలావాటికి ఇప్పటికీ వైరు పెట్టే రంధ్రమే ఉంటుంది. ఆ రంధ్రంలో గుచ్చే చిన్న బ్లూటూత్ ట్రాన్స్‌మిటర్లు దొరుకుతాయి, అగ్గిపెట్టంత ఉంటాయి. రెండు జతల హెడ్‌ఫోన్స్‌కి ఒకేసారి పంపేది తీసుకుంటే ఇద్దరూ కలిసి ఒకే సినిమా చూడొచ్చు. పాత విమానాల్లో రెండు పిన్నుల సాకెట్లు ఉంటాయి, వాటికి వేరే చిన్న అడాప్టర్ కావాలి. ఇంట్లో టీవీకో ల్యాప్‌టాప్‌కో పెట్టి, పెదాల కదలికకీ మాటకీ తేడా వస్తోందా అని ముందే చూసుకోండి. ఇవేవీ వద్దనుకుంటే, మీ హెడ్‌ఫోన్స్‌తో వచ్చిన వైరు సొరుగులోంచి తీసి బ్యాగులో పడేసుకోండి, అది చాలు.

ప్రశ్న: పవర్ బ్యాంక్ విషయంలో ఒక్కొక్కరూ ఒక్కోలా చెప్తున్నారు. ఎంత పెద్దది తీసుకెళ్లొచ్చు? పెద్ద సూట్‌కేసులో పెట్టొచ్చా?

జవాబు: సూట్‌కేసులో అసలు పెట్టకూడదు, చేతి సామానులోనే ఉండాలి. లిథియం బ్యాటరీ లోపల పాడైతే తనంతట తానే వేడెక్కి అంటుకుంటుంది. అది మన కాళ్ల దగ్గరుంటే పొగ కనపడగానే సిబ్బంది ఆర్పగలరు. కింద సామాను గదిలో అయితే ఎవరికీ కనపడదు.

ఇక సైజు. నియమాలు చూసేది పవర్ బ్యాంక్ మీద రాసి ఉండే ఎంఏహెచ్ (mAh) అంకెని కాదు, అందులో మొత్తం ఎంత శక్తి నిల్వ ఉంటుందో చెప్పే వాట్ అవర్ (Wh) అంకెని. ఎంఏహెచ్‌ని వోల్టేజితో గుణించి 1000తో భాగిస్తే అది వస్తుంది. లోపలి సెల్ మామూలుగా 3.7 వోల్టులు కాబట్టి, 20,000 ఎంఏహెచ్ అంటే 74 వాట్ అవర్, 27,000 అంటే 99.9. 100 దాకా సాధారణంగా రానిస్తారు. 100 నుంచి 160 మధ్యవాటికి విమాన సంస్థ ముందే ఒప్పుకోవాలి. 160 దాటితే ప్రయాణికుల చేతిలో కుదరదు. 27,000 ఎంఏహెచ్ దగ్గర ఆగే పవర్ బ్యాంకులు మార్కెట్లో అన్ని ఎందుకుంటాయో ఈ లెక్క చూస్తే అర్థమైపోతుంది.

2025లో ఈ విషయం బాగా బిగిసింది. ఆ జనవరి 28న దక్షిణ కొరియాలోని గిమ్హే విమానాశ్రయంలో, బయల్దేరడానికి సిద్ధంగా ఉన్న ఎయిర్ బుసాన్ విమానానికి మంటలు అంటుకున్నాయి. లోపలున్నవాళ్లందరూ బయటపడ్డారు, విమానం మాత్రం కాలిపోయింది. పవర్ బ్యాంకే కారణమై ఉండొచ్చని దర్యాప్తు చేసినవాళ్లు చెప్పారు. ఆ తర్వాత కొరియా విమానాల్లో పవర్ బ్యాంకుని తలపైన అరలో పెట్టొద్దన్నారు. సింగపూర్ ఎయిర్‌లైన్స్ ఏప్రిల్ నుంచి, ఎమిరేట్స్ అక్టోబర్ నుంచి, విమానంలో దాంతో ఫోన్ చార్జ్ చేయడాన్నే ఆపేశాయి. నియమం సంస్థ సంస్థకీ మారుతోంది కాబట్టి, బయల్దేరే వారంలో మీ విమాన సంస్థ వెబ్‌సైట్ ఒకసారి చూడండి. నిరుటి ప్రయాణంలో రానిచ్చారు కదా అని ధీమాగా వెళ్లొద్దు.

ఇంకోటి, నాకు జరిగింది. నా పాత పవర్ బ్యాంక్ మూడేళ్లు తాళంచెవులతో రాసుకుని రాసుకుని వెనకున్న అంకెలన్నీ చెరిగిపోయాయి. తనిఖీ దగ్గర ఆవిడ దాన్ని దీపం కిందకి తెచ్చి, అటు తిప్పి ఇటు తిప్పి, గోటితో మురికి కూడా గీకి చూశారు. సామర్థ్యం చదవడానికి లేదు కాబట్టి పంపలేనని పక్కన పెట్టేశారు. బాగా పనిచేస్తున్న వస్తువే, కానీ ఆవిడ చెప్పిందీ సబబే. ఈరోజే మీది వెనక్కి తిప్పి చూడండి. అంకెలు చెరిగినా, పొట్ట ఉబ్బినా దాన్ని ప్రయాణానికి తీసుకెళ్లకండి.

సీటు దగ్గరుండే యూఎస్‌బీ రంధ్రం చాలా విమానాల్లో నెమ్మదిగానే చార్జ్ చేస్తుంది. ప్లగ్ ఉన్నచోట మీ సొంత చార్జర్ పెట్టడం మేలు, అయితే పెద్ద ల్యాప్‌టాప్‌కి ఆ కరెంటు చాలకపోవచ్చు. అన్నిటికన్నా ఖాయమైనది ఇంటి నుంచే అన్నీ వంద శాతం చార్జ్‌తో బయల్దేరడం.

ప్రశ్న: మా అమ్మగారు మొదటిసారి ఒంటరిగా విమానం ఎక్కుతున్నారు. దిగేటప్పుడు చెవులు నొప్పి పుడతాయని ఎవరో చెప్పారట, అదే టెన్షన్. ఆవిడకి ఏం కొనివ్వాలి?

జవాబు: ముందు చెవుల సంగతి. ఎగిరేటప్పుడు క్యాబిన్ లోపలి గాలి పీడనం 6,000 నుంచి 8,000 అడుగుల ఎత్తున్న కొండ మీద ఉన్నట్టు ఉంటుంది. దిగేటప్పుడు అది మళ్లీ పెరుగుతుంది. ముక్కు వెనక నుంచి చెవిలోకి వెళ్లే సన్నటి గొట్టం వెంటనే తెరుచుకోకపోతే చెవి బిగేసినట్టయి నొప్పి పుడుతుంది. మింగినప్పుడు, ఆవలించినప్పుడు ఆ గొట్టం తెరుచుకుంటుంది. అందుకే దిగే సమయానికి నిద్రలో ఉండొద్దని, ఏదైనా చప్పరిస్తూ ఉండమని చెప్పండి. పీడనం మార్పుని నెమ్మది చేసే ఫిల్టరు ఇయర్‌ప్లగ్స్ దొరుకుతాయి, కొందరికి బాగా పనికొస్తాయి, కొందరికి తేడా తెలియదు. నాయిస్ క్యాన్సిలింగ్‌కి ఈ నొప్పితో సంబంధం లేదు. ఆవిడకి బాగా జలుబు చేసి ఉంటే మాత్రం ప్రయాణానికి ముందే డాక్టర్‌ని అడగండి.

కొనివ్వడం కన్నా ముందు ఆవిడ ఫోన్ మీరు తీసుకుని ఒక గంట కూర్చోండి. ఆవిడకి ఇష్టమైన పాటలు, రెండు సినిమాలు డౌన్‌లోడ్ చేయండి. తర్వాత ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టి, ప్రతిదీ ఒక్కసారి ఆవిడ చేతే నొక్కించి తెరిపించండి. డౌన్‌లోడ్ అయిందనుకున్నది నెట్ లేకపోతే తెరుచుకోకపోవడం మామూలే, కొన్ని యాప్‌లలో గడువు కూడా ఉంటుంది. టికెట్టు, బోర్డింగ్ పాస్ స్క్రీన్‌షాట్లు తీసి పెట్టండి, ఒక కాగితం కాపీ కూడా ఆవిడ చేతి సంచిలో ఉంచండి.

ఇంట్లో ఉండే మీకోసం ఒక యాప్ చెప్తాను, ఫ్లైట్‌రాడార్24. విమానాలు తమ స్థానాన్ని ఎప్పటికప్పుడు రేడియోలో చెప్తూ వెళ్తాయి, నేల మీదున్న రిసీవర్లు దాన్ని అందుకుని మ్యాపు మీద చూపిస్తాయి. విమానం నంబరు కొడితే అమ్మ ఏ ఊరి మీద ఉన్నారో కనపడుతుంది. సముద్రాల మీద ఆ బొమ్మ కాసేపు మాయమైతే కంగారు పడకండి, అక్కడ కింద రిసీవర్లు ఉండవు, అంతే.

ప్రశ్న: సూట్‌కేసులో ట్రాకర్ పెట్టొచ్చా? దాంట్లోనూ బ్యాటరీ ఉంటుంది కదా?

జవాబు: పెట్టొచ్చు. బ్యాగు ఎక్కడుందో ఫోన్‌లో చూపించే ఆపిల్ ఎయిర్‌ట్యాగ్ లాంటి ట్రాకర్లలో ఉండేది నాణెమంత బ్యాటరీ, అందులో లిథియం దాదాపు 0.1 గ్రాము. సామానులో పెట్టే ట్రాకర్లకు ఉన్న పరిమితి కన్నా ఇది చాలా తక్కువ. అయితే ఎయిర్‌ట్యాగ్‌లో జీపీఎస్ ఉండదు. దగ్గర్లో వెళ్తున్న ఎవరి ఫోనో దాని బ్లూటూత్ సంకేతాన్ని పట్టుకుంటేనే మనకి చోటు తెలుస్తుంది. అందుకే గాల్లో ఉన్నంతసేపూ పాత చోటే చూపించొచ్చు. 2024 డిసెంబర్‌లో వచ్చిన ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 18.2 నుంచి, పోయిన బ్యాగు ఎక్కడుందో చూపించే లింకుని విమాన సంస్థకి ఇవ్వొచ్చు, ఏడు రోజులకి అది దానంతటదే ఆగిపోతుంది. ఆండ్రాయిడ్ ఫోన్లకి గూగుల్ నెట్‌వర్క్‌తో పనిచేసే ట్రాకర్లు కొనుక్కోండి. ఇక చార్జింగ్ సౌకర్యం ఉన్న స్మార్ట్ సూట్‌కేసు కొనేటట్టయితే, బ్యాటరీ బయటికి వస్తుందో లేదో చూడండి. రాకపోతే కొనొద్దు, చెకిన్‌లో తీసుకోరు.

ప్రశ్న: ఫోన్ సీటు సందులో పడిపోయింది. చెయ్యి దూరక సీటు ముందుకీ వెనక్కీ జరిపాను. పక్కనున్నాయన ఆపి సిబ్బందిని పిలిచారు. అంత ప్రమాదమా?

జవాబు: అవును, ఆయన మంచి పని చేశారు. సీటు కదిపితే లోపలి ఇనుప భాగాల మధ్య ఫోన్ నలిగి బ్యాటరీ అంటుకోవచ్చు. ఇలాంటప్పుడు సీటుని ఎలా ఉన్నదాన్ని అలాగే వదిలేసి, సిబ్బందిని పిలిచే మీట నొక్కండి. ఎలా తీయాలో వాళ్లకి తెలుసు.