ఆ కాగితం ఎవరి బల్ల మీద ఆగిందో రాయి

తమ్ముడూ,

శిబిరాల్లో సైనికులు, సహాయ సిబ్బంది చేసే లైంగిక అఘాయిత్యాల మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. కోపంతో రాశావు, అది ఉండాల్సిందే. కానీ మొదటి పేరాలోనే "కొందరు దుర్మార్గుల వల్ల" అన్నావు చూడు, నాకు అక్కడే బాధేసింది. చేసినవాణ్ని తిట్టడం తేలిక. తెలిసి కూడా నోరు మెదపని పైవాళ్ల గురించి రాయడానికే ఓపిక కావాలి.

2014లో సెంట్రల్ ఆఫ్రికన్ రిపబ్లిక్ రాజధాని బాంగీలో, విమానాశ్రయం దగ్గరి నిరాశ్రయుల శిబిరంలో, తిండి కోసం వచ్చిన పిల్లల మీద ఫ్రెంచ్ సైనికులు లైంగిక అఘాయిత్యాలు చేశారని ఆరోపణలు వచ్చాయి (ఆ సైనికులు ఐక్యరాజ్య సమితి కింద పనిచేసేవాళ్లు కారు, ఈ తేడా మరిచిపోకు). పిల్లలతో మాట్లాడి ఆ మాటలు రాసిపెట్టింది మాత్రం సమితి సిబ్బందే. ఆండర్స్ కొంపాస్ అనే సమితి అధికారి ఆ నివేదికను ఫ్రాన్స్ ప్రభుత్వానికి అందిస్తే, 2015లో సస్పెండ్ అయింది ఆయన! ఆయన తప్పేమీ లేదని తర్వాత తేల్చారు. నివేదిక ఒక బల్ల మీంచి ఇంకో బల్లకు తిరిగిందే తప్ప బాధ్యత ఎవరూ తీసుకోలేదని 2015 డిసెంబరులో స్వతంత్ర కమిటీ చెప్పింది. ఫ్రాన్స్‌లో కేసు 2018లో విచారణ దాకా వెళ్లకుండానే ముగిసింది. నాకైతే ఆ బల్లల ప్రయాణమే అసలు కథ.

ఆక్స్‌ఫామ్ అనే సహాయ సంస్థ సంగతీ అంతే. హైతీలో తమ సిబ్బంది లైంగిక దుష్ప్రవర్తన మీద 2011లోనే లోపల విచారణ జరిగింది, కొందరు రాజీనామా చేసి వెళ్లిపోయారు, అసలు వివరాలు జనానికి తెలిసింది 2018లో, అదీ ఒక పత్రిక బయటపెడితే. ఆ మధ్య ఏళ్లలో ఎవరికి ఎంత తెలుసో వెతుకు.

"సమితి శిక్షించలేదు" అని కూడా రాశావు. శాంతిదళ సైనికుణ్ని శిక్షించే అధికారం అతన్ని పంపిన దేశానిదే, సమితి మహా అయితే వెనక్కి పంపగలదు. 2007లో హైతీ నుంచి వందమందికి పైగా శ్రీలంక సైనికుల్ని అలాగే పంపేశారు. కాబట్టి ఇంటికెళ్లాక ఏమైందని ఆ దేశాన్ని అడగాలి.

ఇంకొకటి, ఇది చాలా ముఖ్యం. నీ వ్యాసంలోని బాధితురాలు ఉంది చూడు, ఆ అమ్మాయి వయసు, గుడారం ఉన్న వరుస, వాళ్లమ్మ చేసే పని, ఈ మూడూ కలిస్తే పేరు రాయకపోయినా శిబిరంలో అందరూ గుర్తుపట్టేస్తారు. రేషన్ జాబితా రాసేవాడు కూడా అక్కడే ఉంటాడు. ఆ మూడు వాక్యాలూ తీసేసి, తేదీలు సరిచూసుకుని మళ్లీ పంపు.

మీ అన్న