బటన్ ఉన్నది నొక్కడానికే

చిరంజీవి అమ్మాయికి,

మామయ్య ఆశీస్సులు. సైన్స్ మ్యూజియంలో మెయింటెనెన్స్ ఉద్యోగం వచ్చిందట కదా. మీ అమ్మ ఫోనులో చెప్పింది. చెప్పిన తీరులో సంతోషం తక్కువ, ఫిర్యాదు ఎక్కువ. "నీ పోలికే, నీ బుద్ధే, ఇక నీ పనే" అంది. నాకు మాత్రం ఆ పూట కాలు ఒకచోట నిలవలేదు, కనబడిన వాళ్లందరికీ చెప్పాను. రాత్రి పడుకున్నాకే బెంగ మొదలైంది. అలాంటి మ్యూజియంలోనే నేను చేసిన పని, అక్కడ చూసినవి ఒక్కొక్కటే కళ్ల ముందుకు వచ్చాయి.

తెలిసిన సంగతులు ముందు అయిపోనీ. మందపాటి అడుగున్న బూట్లు వేసుకో. నిచ్చెన చివరి మెట్టు మీద నిలబడకు. జుట్టు బిగించి కట్టుకో, వదులు చేతుల చొక్కాతో మోటారు దగ్గరికి పోకు. ఇవి నీకు శిక్షణలోనే చెప్పి ఉంటారు, మళ్లీ చెప్పి విసిగించను.

శిక్షణలో చెప్పని తేడా ఒకటుంది. ఆఫీసు భవనంలో ఎవరూ దేన్నీ ముట్టుకోరు. ప్యానెల్ గది తలుపు మూసి ఉంటే చాలు. సైన్స్ మ్యూజియంలో అడుగడుగునా "నొక్కండి, తిప్పండి, లాగండి" అని మనమే రాసి పెడతాం. వచ్చేవాళ్లలో సగం మంది పిల్లలు. అంటే నువ్వు బాగు చేసే యంత్రానికి స్విచ్చు నీ చేతిలో ఉండదు, ఊరందరి చేతుల్లో ఉంటుంది. ఈ ఒక్క మాట నీ బుర్రలోకి ఎక్కితే మిగతా ఉత్తరం చదవకపోయినా నాకు కోపం రాదు.

నేను పనిలో చేరిన కొత్తలో మా మెకానిక్ ఒకాయన ఉండేవాడు. పేరు ఎందుకులే. మోటారు శబ్దం విని బేరింగు పోయిందో, బెల్టు జారుతోందో చెప్పేవాడు. మధ్య హాలులో ఇనుప బంతుల యంత్రం ఒకటి ఉండేది. బటన్ నొక్కితే గొలుసు బంతుల్ని పైకి మోసుకెళ్లి వదులుతుంది, అవి వంకర పట్టాల మీద దొర్లుతూ కిందికి వస్తాయి. స్థితిశక్తి గతిశక్తిగా మారడం చూపించే యంత్రం. ఒక ఉదయం గొలుసు పళ్లచక్రం మీంచి జారింది. కరెంటు ఆపే బ్రేకరేమో రెండంతస్తుల కింద, భూగర్భ గదిలో. గొలుసు ఎక్కించడం ఐదు నిమిషాల పని. ఆయన బటన్ మీద టేపు అంటించి, "మరమ్మతులో ఉంది" అన్న బోర్డు ఆనించి, పక్క తలుపు తీసి చెయ్యి లోపల పెట్టాడు. నేను టార్చి పట్టుకుని ఉన్నాను.

అప్పుడే ఒక బడి పిల్లలు హాల్లోకి వచ్చారు. బోర్డు యంత్రానికి ఒక పక్కన ఉంది, బటన్ ఇంకో పక్కన. ఏడెనిమిదేళ్ల పిల్లవాడు టేపు ఊడదీసి నొక్కాడు. గొలుసు కదిలిన శబ్దం, ఆయన అరుపు ఒకేసారి వినబడ్డాయి. కుడిచేతి రెండు వేళ్లు, కణుపు దాకా పోయాయి.

తర్వాత జరిగింది నన్ను ఇంకా ఎక్కువ బాధపెట్టింది. అందరూ ఆ పిల్లవాడి మీద పడ్డారు. "కళ్లు లేవా, బోర్డు కనబడలేదా" అని వాళ్ల టీచరు అందరి ముందూ కేకలేసింది. వాడు గోడకు అతుక్కుపోయి వెక్కివెక్కి ఏడ్చాడు. మరునాడు ఆసుపత్రిలో మా మెకానిక్ అన్న మొదటి మాట: "ఆ పిల్లాణ్ణి ఏమీ అనకండి. బటన్ ఉన్నది నొక్కడానికే. వాడు చేయాల్సిన పనే చేశాడు, నేను చేయాల్సింది నేను చేయలేదు." ఆయన మళ్లీ పనిలో చేరాడు కానీ, సన్నని స్క్రూలు బిగించాల్సి వస్తే ఎవరినో ఒకరిని పిలిచేవాడు. అలా పిలవడం ఆయనకెంత కష్టంగా ఉండేదో పక్కన ఉన్నవాళ్లకే తెలుసు.

కాబట్టి విను. బ్రేకర్ ఎంత దూరంలో ఉన్నా దిగి వెళ్లు. ఆపు. దానికి నీ సొంత తాళం వెయ్యి, నీ పేరున్న ట్యాగు కట్టు, తాళంచెవి నీ జేబులో పెట్టుకో. ఇద్దరు పని చేస్తుంటే రెండు తాళాలు పడాలి. ఒకరి తాళం ఇంకొకరు తీయకూడదు, పై అధికారి చెప్పినా సరే. తిరిగి పైకి వచ్చి బటన్ నువ్వే నొక్కి చూడు. యంత్రం కదలకపోతే మీటరు పెట్టి కరెంటు లేదని తేల్చుకో. అదే మీటరును కరెంటు ఉన్నచోట ముందోసారి, తర్వాతోసారి పెట్టి చూడాలి, అది చెడిపోయి ఉంటే సున్నాయే చూపిస్తుంది మరి.

అక్కడితో అయిపోలేదు. కరెంటు పోయినంత మాత్రాన యంత్రంలో బలం పోదు. ఎత్తులో ఆగిన బంతుల బరువు గొలుసును వెనక్కి లాగుతుంది. నొక్కి పట్టిన స్ప్రింగు, గాలి నిండిన సిలిండరు అదను కోసం చూస్తుంటాయి. మెరుపులు చూపించే ఎగ్జిబిట్లలో కెపాసిటర్లు, అంటే కరెంటును దాచి పెట్టుకునే భాగాలు ఉంటాయి. ప్లగ్గు పీకాక కూడా చాలాసేపు ఛార్జి పట్టి ఉంచుతాయి. వాటిని స్క్రూడ్రైవరుతో షార్టు చేసి చూపించి మెప్పు పొందే వీరులు ప్రతిచోటా ఒకరుంటారు. అలాంటి వాడి పక్కన నిలబడకు. కరెంటు జోరు తగ్గించే రెసిస్టరు తగినది ఉన్న కడ్డీతోనే ఆ ఛార్జి దించాలి.

"ఒక్క నిమిషం పనే కదా మామయ్యా" అంటావని తెలుసు. చిన్నప్పుడు టేబుల్ ఫ్యాను విప్పినప్పుడు కూడా అదే అన్నావు, ప్లగ్గు గోడకే ఉంది! ఆ రోజు వీపు మీద ఒకటి వేశాను. నువ్వు ఏడుస్తూనే, లోపల ఆ రాగితీగ చుట్ట ఏమిటని అడిగావు. ఇంత పిల్ల ఇలా అడిగిందేమిటా అని నాకు కోపం అక్కడే పోయింది.

ఇక నిప్పు. సైన్స్ ప్రదర్శనల్లో పొగ, మంచు, ఆవిరి లేనిదే పిల్లలకు తోచదు. వాటికి పొగ డిటెక్టర్లు మోగుతాయని ఆ భాగాన్ని కాసేపు ఆపి ఉంచమంటారు. ఆపేటప్పుడు అందరికీ గుర్తుంటుంది, మళ్లీ పెట్టేటప్పుడు ఎవరికీ గుర్తుండదు. ఆపిన వేళ, ఆపమన్న మనిషి, తిరిగి పెట్టాల్సిన వేళ పుస్తకంలో రాసి సంతకం తీసుకో. వెల్డింగు పని జరిగితే అయ్యాక కనీసం గంటసేపు అక్కడే ఎవరో ఒకరు కాపలా ఉండాలి. 2018 సెప్టెంబరులో బ్రెజిల్‌లోని రియో జాతీయ మ్యూజియం కాలిపోయింది. 1818లో పెట్టిన మ్యూజియం, దాదాపు రెండు కోట్ల వస్తువులు. ఆడిటోరియంలోని ఏసీ దగ్గర నిప్పు పుట్టిందని పోలీసు విచారణలో తేలింది. అక్కడి ఏసీలకు విడివిడిగా బ్రేకర్లు లేవు, ఒకదానికి ఎర్తింగు సరిగా లేదు. దగ్గరలోని హైడ్రెంట్లలో, అంటే మంటలార్పే నీటి కుళాయిల్లో, చాలినంత నీళ్లు కూడా రాలేదు. ఈ మూడూ మన పనే, అమ్మాయీ. క్యూరేటర్ల పని కాదు, డైరెక్టరు పని కాదు.

మీ దగ్గర ఫూకో లోలకం ఉందో లేదో. ఉంటే నీ మీద నాకు అసూయే. 1851లో పారిస్ పాంథియన్ గుమ్మటం నుంచి 67 మీటర్ల తీగకు 28 కిలోల గోళం వేలాడదీసి, అది ఊగే దిశ మెల్లగా తిరగడం ద్వారా భూమి తిరుగుతోందని ఫ్రెంచి శాస్త్రవేత్త ఫూకో కళ్లకు కట్టినట్టు చూపించాడు. అంత పెద్ద సత్యాన్ని చెడగొట్టడానికి ఒక ఏసీ గ్రిల్లు చాలు. గాలి దాని మీదికి తిరిగిందంటే ఊగే గీత తిన్నగా ఉండక కోడిగుడ్డు ఆకారానికి మారుతుంది, ఇక అది చూపే కోణాన్ని నమ్మలేం. గైడ్లు "లోలకం పాడైంది" అంటారు. నువ్వు ముందు ఫిల్టరు ఎవరు మార్చారో, గ్రిల్లు ఎటు తిప్పారో చూడు. తీగ పైకొనను మాత్రం వేళ తప్పకుండా పరీక్షించు. 2010 ఏప్రిల్‌లో పారిస్‌లోనే ఆర్ట్స్ ఎ మెటియే మ్యూజియంలో తీగ తెగి ఫూకో గోళం కిందపడింది. మళ్లీ బాగు చేయడానికి వీల్లేకుండా దెబ్బతింది.

సుడిగాలి ఎగ్జిబిట్ ఉంటే దాని పొగమంచు నీటితో వస్తుంది. ఆ తొట్టిలో నీళ్లు నిలవ ఉంచకు, గోరువెచ్చని నీటిలో ఊపిరితిత్తుల జబ్బు తెచ్చే లెజియొనెల్లా బ్యాక్టీరియా పెరుగుతుంది, దాన్ని పిల్లలు పీలుస్తారు. ద్రవ నైట్రోజన్ వాడే గదిలో గాలి బయటికి పంపే ఫ్యాను ఆగితే ప్రదర్శనా ఆగాలి. లీటరు ద్రవం దాదాపు 700 లీటర్ల వాయువవుతుంది, గదిలో ఆక్సిజన్‌ను నెట్టేస్తుంది, వాసన కూడా ఉండదు. చెమ్మ ఎక్కువైన రోజున ముట్టుకున్నవాళ్ల జుట్టును స్థిర విద్యుత్తుతో నిక్కబొడిపించే వాన్ డి గ్రాఫ్ యంత్రం జుట్టు లేపదు. అది మరమ్మతు కాదు, వాతావరణం. విప్పకు.

ఊడ్చేవాళ్లతో స్నేహంగా ఉండు. నీటి మరక, కాలిన వాసన అందరికంటే ముందు పట్టేది వాళ్లే, చెబితే పట్టించుకునేవాళ్లు లేక ఊరుకుంటారు. ఆడపిల్లవని నిన్ను బల్బులు మార్చడానికే పంపితే మొదటి నెల మార్చు, రెండో నెల నుంచి ప్యానెల్ బోర్డు పని అడుగు. గట్టిగానే అడుగు.

ఈ ఉత్తరంతో ఎర్ర తాళం ఒకటి పంపుతున్నాను. దానికి తాళంచెవి ఒకటే. పోగొట్టావా, రంపంతో కోసి తీయాల్సిందే, ఇంకోటి నన్ను అడగకు. సరే, అడుగు, పంపుతాను. చేరిన వారంలోపు నాకు జవాబు రాయాలి: ప్రధాన నీటి వాల్వు ఎక్కడుంది, అది చేత్తో తిరుగుతోందా తుప్పుపట్టి బిగుసుకుందా, అన్నిటికన్నా పెద్ద యంత్రానికి ఏ బ్రేకరు, రాత్రిపూట భూగర్భ గది తాళాలు ఎవరి దగ్గర ఉంటాయి. ఎవరో చెప్పింది విని రాయకు, స్వయంగా వెళ్లి చూసి రాయి.

ఇట్లు,
మీ మామయ్య