టీవీ స్కిట్టా, స్టాండపా? బూతు తీసేసి చూస్తే తెలుస్తుంది

అడిగిన ప్రశ్న: "టీవీలో ఇంటిల్లిపాదీ కూర్చుని చూసే కామెడీ మేలా, స్టాండప్‌లో, యూట్యూబ్‌లో వచ్చే ఘాటు కామెడీ మేలా?"

ప్రశ్నలోనే తిరకాసు ఉంది. టీవీ కామెడీ ఇంటిల్లిపాదీ చూసేదని ఎవరన్నారండీ? 2013 ఫిబ్రవరిలో ఈటీవీలో జబర్దస్త్ మొదలైన దగ్గర్నుంచి తెలుగు టీవీలో కామెడీ అంటే స్కిట్టే అయింది. ఏ చానల్‌దైనా సరే, నాలుగు స్కిట్లలో డైలాగులు కాగితం మీద రాసుకుని తీరిగ్గా చదవండి. స్టాండప్‌లో ఒంటరిగా మైకు పట్టుకుని నిలబడ్డ కుర్రాడు విప్పి చెప్పే మాటే స్కిట్‌లో అరటిపండు మీద పెట్టి, గుమ్మడికాయ మీద పెట్టి చెప్తారు. పిల్లలకి అర్థం కాదనుకుంటాం. వాళ్లు మనకన్నా ముందే నవ్వుతుంటారు.

కాబట్టి ఒకటి శుభ్రం, ఇంకోటి బూతు అనే లెక్క పక్కన పెట్టండి. నా తీర్పు ముందే చెప్తాను: పనితనంగా చూస్తే టీవీ స్కిట్ రాయడమే కష్టం. కామెడీగా చూస్తే స్టాండపే మేలు, అదీ పదింటిలో రెండు మాత్రమే.

కష్టం ఎందుకో చూద్దాం. కేబుల్ టీవీ నియమాల ప్రకారం గంటకి ప్రకటనలు 12 నిమిషాలు దాటకూడదు. చానళ్లు ఆ 12నీ వదులుకోవు. మిగిలేది 48. యాంకర్ డాన్సు, జడ్జీల మాటలు, "బ్రేక్ తర్వాత చూడండి" ముక్కలు కలిపి ఒక పది పోతాయి. ఐదు టీములుంటే ఒక్కో స్కిట్‌కి ఏడు, ఏడున్నర నిమిషాలు. అందులో నలుగురు ఆర్టిస్టులు ఒక్కొక్కరూ ఎంట్రీ ఇస్తారు. ఎంట్రీకో మ్యూజిక్ బిట్టు, చప్పట్లు, ఓ తొడగొట్టుడు, పదిహేను సెకన్లు. అలా ఒక నిమిషం గాలికి పోయింది. ఆరు నిమిషాల్లో ఎవరు ఎవరికి ఏమవుతారో చెప్పాలి, గొడవ పెట్టాలి, తేల్చాలి. అందుకే స్కిట్లన్నీ అత్తా అల్లుళ్లు, మొగుడూ పెళ్లాలు, ఓనరూ పనోడూ. "ఏం అల్లుడుగారూ" అన్న ఒక్క పిలుపుతో చుట్టరికం తెలిసిపోతుంది, ఇరవై సెకన్లు మిగులుతాయి. ఇది బద్ధకం అనుకుంటారు చాలామంది. కాదు, గడియారం.

స్కిట్ చివర ఎందుకు చప్పబడుతుందో కూడా అందరూ అడుగుతారు. మొదట్నుంచీ వరసగా రాసుకుంటూ పోతారు, అంతే. మధ్యలో పంచులు బాగా పేలాయని వాటినే పొడిగిస్తారు, చివరికి ముప్పై సెకన్లు మిగులుతాయి. అప్పుడు దిక్కు రెండే: అందరూ కలిసి పాటకి డాన్సు చేయడం, లేదా హఠాత్తుగా తల్లిదండ్రుల గొప్పతనం మీద సందేశం ఇచ్చి ఏడిపించడం. ఆఖరి పంచ్ ముందు రాసుకుని, దానికి కావలసిన మనుషుల్నే వెనక్కి కట్టుకుంటూ వస్తే ఈ బాధ ఉండదు. మధ్యలో పదేపదే వచ్చే మాట ఉంటే దాన్ని మూడుసార్లకి మించి వాడకూడదు, మూడోసారి తిరగబడాలి. నాలుగోసారి వాడారంటే చెప్పడానికి ఇంకేమీ లేదని అర్థం.

ఇప్పుడు ఒకే విషయం తీసుకుని రెండు చోట్లా ఏమవుతుందో చూద్దాం. విషయం కట్నం.

స్కిట్‌లో ఇలా వస్తుంది. సంక్రాంతి. కొత్త అల్లుడు వచ్చాడు. అత్త వేషం ఒక మగ ఆర్టిస్టుది, విగ్గు, పట్టుచీర. అల్లుడు బండి అడుగుతాడు. అత్త "ఏ బండి?" అంటుంది. అక్కడ్నుంచి రెండు నిమిషాలు బండి మీద రెండర్థాల మాటలు నడుస్తాయి: టైర్లు, హెడ్‌లైట్లు, సర్వీసింగు, మీకు తెలియనివి కావు. మావ అడ్డొస్తాడు, చెంపదెబ్బ, దానికో సౌండు, మావ పడిపోతాడు. జడ్జి కుర్చీలో వెనక్కి వాలి నవ్వుతున్న షాట్. అయిపోయింది. ఇందులో నవ్వింది ఎవర్ని? అత్త ఒళ్లుని. కట్నం అడిగినవాడు చెక్కుచెదరకుండా ఇంటికెళ్లాడు.

అదే కట్నం స్టాండప్‌లో ఇలా ఉండొచ్చు. "మా నాన్న పైసా కట్నం తీసుకోలేదండీ. ఆదర్శ వివాహం. పెళ్లికి ముందు ఆదర్శాల మీద ఉపన్యాసాలివ్వడానికి ఊరూరా సైకిల్ మీద తిరిగేవాడు. పెళ్లయ్యాక తిరిగింది... రాజ్‌దూత్ మీద." కాస్త ఆగి, "పెట్రోలు మాత్రం సొంత జీతంలోంచే. అక్కడ ఆదర్శం తప్పలేదు."

రాజ్‌దూత్ అంటే ఆ రోజుల్లో ఒక మోటార్‌సైకిలు. నాలుగో వాక్యం కట్టిన తీరు చూడండి. మామూలుగా మాట్లాడితే "పెళ్లయ్యాక రాజ్‌దూత్ మీద తిరగడం మొదలుపెట్టాడు" అంటాం. అలా అంటే జోకు చచ్చిపోతుంది. తెలుగులో క్రియ చివర వస్తుంది కదా, నవ్వు పుట్టే మాట రాజ్‌దూత్ మధ్యలో పడిపోయి, జనం నవ్వబోయే సమయానికి మనం ఇంకా "మొదలుపెట్టాడు" అంటూ ఉంటాం. వాళ్ల నవ్వుని మనమే తొక్కేస్తాం. అందుకే క్రియని ముందుకి లాగి "తిరిగింది" చేసి, పేలే మాటని చివరికి నెట్టాలి. లేదా క్రియని మింగేయాలి. పంచ్ తర్వాత ఒక్క అక్షరం కూడా మిగలకూడదు. ఇంగ్లీషులో రాసుకుని తెలుగులోకి తిప్పుకునేవాళ్ల జోకులు ఎందుకు పేలవో దీన్నిబట్టే తెలుస్తుంది. అక్కడ చివర ఉన్న పేరు ఇక్కడికొచ్చేసరికి నడుమ ఇరుక్కుంటుంది.

ఇంకో సంగతి. రాజ్‌దూత్ అనగానే హాల్లో వెంటనే నవ్వు రాదు. రెండు సెకన్లు నిశ్శబ్దం. వాళ్లింట్లోనూ ఒక బండి ఉంది, అదెక్కడిదో ఇప్పుడే గుర్తొచ్చింది. తర్వాత వస్తుంది నవ్వు, కొంచెం సిగ్గుతో. ఆ రెండు సెకన్లకే నేను స్టాండప్‌కి మార్కులేస్తాను. టీవీ ఎడిటింగ్‌లో మొదట ఎగిరిపోయేవి ఆ రెండు సెకన్లే. నిశ్శబ్దం వస్తే రిమోట్ కదులుతుందని భయం. అక్కడ ఒక "టొయ్‌య్" సౌండు అతికించి జడ్జి నవ్వు పెడతారు. ఆ నవ్వు వేరే కెమెరాలో తీసి ఉంటుంది, ఎక్కడిదైనా ఎక్కడైనా పెట్టొచ్చు. అనుమానముంటే జడ్జి చేతులు చూడండి: వైడ్ షాట్‌లో చేతిలో కాగితం, నవ్వు షాట్‌లో ఖాళీ చేతులు, మళ్లీ వైడ్‌లో కాగితం.

టీవీకి చేతులు కట్టేశారు, నియమాలున్నాయి అంటారు. నియమాలు ఏమంటున్నాయో చూస్తే ఇంకా నవ్వొస్తుంది. 1994 కేబుల్ టెలివిజన్ నియమాల్లో 6వ నియమం ప్రోగ్రామ్ కోడ్. అందులో అశ్లీలం కూడదని ఉంది, చెడు ధ్వనించే సూచనలు కూడదని ఉంది, స్త్రీలను కించపరచకూడదని ఉంది. ప్రాంతాల వాళ్లనీ, భాషల వాళ్లనీ వెటకారంగా చూపించకూడదని కూడా ఉంది. దీన్ని అక్షరాలా పాటిస్తే శ్రీకాకుళం యాసలో పనివాడు, తెలంగాణ యాసలో రౌడీ, ఏ వేషమూ వేయడానికి లేదు. అవన్నీ హాయిగా నడుస్తున్నాయి. భయపడేది కోడ్‌కి కాదు, ఫోన్‌కి. ఎమ్మెల్యే మీద జోకేస్తే ఫోనొస్తుంది, కులసంఘం మీద వేస్తే ఆఫీసు ముందు ధర్నా. నల్లగా ఉన్న అమ్మాయి మీద వేస్తే ఎవరూ ఫోన్ చేయరు. అందుకే జోకు ఎప్పుడూ పల్లానికే పారుతుంది.

ఆడవేషాల గురించి ఒక మాట అనకపోతే నాకు నిద్రపట్టదు. మగవాళ్లు ఆడవేషం వేయడం మనకి కొత్త కాదు. స్థానం నరసింహారావు సత్యభామగా రంగస్థలం ఎక్కితే ఆ నడకకీ, చూపుకీ జనం విస్తుపోయారేగాని వేషాన్ని చూసి ఎగతాళిగా నవ్వలేదు. స్కిట్‌లో పరిస్థితి తలకిందులు. వేషం కుదరకపోవడమే జోకు. నున్నగా గీసినా గడ్డం నీలంగా కనిపిస్తుంది, దాన్ని నారింజ రంగు పూత వేసి కప్పొచ్చు, చాలాసార్లు కావాలనే కప్పరు. ఇంకో చిక్కు కాలర్ మైకు. పైట కింద దాస్తారు, బట్ట రాసుకుని బరబరమంటుంది, కాబట్టి పైట లాగే గొడవ మైకు లేని వైపే జరగాలి. అంత జాగ్రత్త మైకు మీద ఉంది, ఆ వేషానికి ఒక్క మంచి డైలాగు రాయడం మీద లేదు.

తప్పు టీవీ పెట్టెది కాదని కూడా చెప్పాలి. జెమినీ టీవీలో 2001 నుంచి 2007 దాకా గుణ్ణం గంగరాజు అమృతం వచ్చింది, 313 ఎపిసోడ్లు. డబుల్ మీనింగ్ లేదు, చెంపదెబ్బ సౌండు లేదు. ఎప్పుడూ అదే హోటలు, అదే అమృతరావు, అదే ఆంజనేయులు. కాబట్టి ఎంట్రీలకీ పరిచయాలకీ టైము పోదు, నవ్వంతా వాళ్ల తొందరపాటు, అత్యాశల్లోంచి వస్తుంది. అలాంటిది రాయాలంటే వారానికో కొత్త కథ కావాలి. స్కిట్‌కి వారానికో కొత్త సినిమా పేరడీ చాలు.

ఇక ఘాటు కామెడీ వైపు వస్తే, అక్కడా పొంగిపోవడానికి ఏమీ లేదు. ఓపెన్ మైక్‌లో, అంటే ఎవరైనా పేరిచ్చి స్టేజీ ఎక్కే షోలో, కొత్తవాళ్లకి ఇచ్చేది నాలుగైదు నిమిషాలు. నిమిషం ఉందనగా వెనక నుంచి లైటు చూపిస్తారు. ఐదు నిమిషాలంటే 300 సెకన్లు, ఇరవై సెకన్లకో నవ్వు చొప్పున పదిహేను నవ్వులు రావాలి. రాకపోతే కుర్రాళ్లు ఏం చేస్తారంటే పంచ్ ఉండాల్సిన చోట బూతు పెడతారు. మొదటిసారి జనం ఉలిక్కిపడి నవ్వుతారు. అది ఉలికిపాటు, నవ్వు కాదు. మూడో బూతుకి హాలు చల్లబడుతుంది. పైగా మన బూతులు చాలా మటుకు ఎవరో ఒకరి అమ్మ మీదో ఆలి మీదో పడేవే. ఎంతో ధైర్యంగా బయల్దేరి, స్కిట్‌లోని అత్తగారి దగ్గరికే చేరామన్నమాట. పద్ధతి తెలిసినవాళ్లు సెట్ మొత్తం ఫోన్‌లో రికార్డు చేసుకుని, నవ్వు రాని చోట్ల గుర్తులు పెట్టుకుని, ముందు బూతు తీసేసి మళ్లీ చెప్పి చూస్తారు. నవ్వు నిలబడితే జోకు ఉన్నట్టు. అలా మూడు వేర్వేరు చోట్ల నిలబడ్డదే మిగుల్చుకుంటారు. గంట షోకి ఏడాది పట్టేది అందుకే.

యూట్యూబ్ వాళ్లకి ఈ వడపోత కూడా లేదు. 2024 జూలైలో ఒక తెలుగు యూట్యూబర్ తండ్రీకూతుళ్ల వీడియో మీద లైవ్‌లో నీచంగా మాట్లాడి అరెస్టయ్యాడు. అది డార్క్ కామెడీ అని సమర్థించినవాళ్లున్నారు. చీకటి సరే, అందులో కామెడీ ఎక్కడుంది? ఎదురుగా జనం ఉంటే మొదటి వాక్యానికే హాలు బిగుసుకుపోయేది, అక్కడితో ఆగేవాడు. కెమెరా ముందు నవ్వేది పక్కన కూర్చున్న స్నేహితులు మాత్రమే.

నిజంగా ఘాటుగా మాట్లాడినవాళ్లకి పడే దెబ్బ వేరు. స్టాండప్ కమెడియన్ మునవ్వర్ ఫారూఖీని 2021 జనవరి 1న ఇండోర్‌లో పట్టుకెళ్లి నెలకు పైగా జైల్లో ఉంచారు. అదే మనిషి 2022 ఆగస్టు 20న హైదరాబాద్ శిల్పకళావేదికలో షో చేస్తే, భారీ పోలీసు బందోబస్తు మధ్య చేయాల్సి వచ్చింది. ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో మతాన్ని అవమానించడానికి 299, వర్గాల మధ్య వైరానికి 196, రెండింటికీ మూడేళ్ల దాకా శిక్ష. డబుల్ మీనింగ్ స్కిట్‌కి మాత్రం మహా అయితే ఒక ఫిర్యాదు, ఒక క్షమాపణ స్క్రోలింగు.

ఘాటు కామెడీ పాశ్చాత్యుల సరుకు అనేవాళ్లు పిట్టలదొరని మర్చిపోయారు. ఖాకీ నిక్కరు, టోపీ, చెక్క తుపాకీ, వచ్చీరాని ఇంగ్లీషు. లేని బంగళాలూ లేని గుర్రాలూ లెక్కచెప్తూ, అసలు దొర అరుగు మీద కూర్చుని చూస్తుండగా దొరతనాన్నే ఎగతాళి చేసి, అదే ఇంట్లో బియ్యం పట్టించుకుని పోయేవాడు. తెలంగాణలో తుపాకి రాముడంటారు. బుర్రకథలో ఇద్దరు వంతలుంటే ఒకరిది హాస్యం, ఇంకొకరిది రాజకీయం. టీవీ వాళ్లు హాస్యాన్ని ఉంచుకుని రాజకీయాన్ని ఇంటికి పంపేశారు.

తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్కల మాటలైతే ఇక్కడ రాయలేను. వాటి ముందు ఇప్పటి స్టాండప్ పసిపిల్లల పాట.

మరి ఏది చూడమంటారు అంటే, స్క్రీన్ మీద స్టాండప్ చూసి తీర్పు చెప్పకండి. రీల్స్‌లో వచ్చేదంతా "ఏం చేస్తుంటారండీ? సాఫ్ట్‌వేరా?" అని ముందు వరసవాళ్లని పీక్కుతినే క్రౌడ్ వర్క్. రాసుకున్న జోకు ఖర్చుకాకుండా అది మాత్రం ఆన్‌లైన్లో పెడతారు. బంజారాహిల్స్ లామకాన్ లాంటి చోట తెలుగు ఓపెన్ మైక్ ఎప్పుడుందో కనుక్కుని వెళ్లండి. పదిమంది ఎక్కితే ఎనిమిదిమంది విసిగిస్తారు, ముందే సిద్ధపడండి. మొదటి రెండు వరసల్లో మాత్రం కూర్చోకండి, మీ ఉద్యోగం ఏమిటో అడుగుతారు.