శుక్రవారం, శనివారం, ఆదివారం: మూడు మతాలనూ దగ్గర నుంచి చూశాక

యూదులు, క్రైస్తవులు, ముస్లింలు ముగ్గురూ అబ్రాహాము దేవుణ్ణే కొలుస్తారు కదా, మరి తేడా ఎక్కడుంది అని అడిగారు. మాది కోనసీమ, క్రైస్తవ కుటుంబంలో పుట్టాను. కువైట్‌లో నాలుగేళ్ళు ఇంటిపని చేశాను. తర్వాత ఆరేళ్ళు జెరూసలేంలో ఒక పెద్దావిడ దగ్గర కేర్‌గివర్‌గా ఉన్నాను. ఆ పదేళ్ళలో కళ్ళారా చూసిందే చెబుతాను.

ఊళ్ళో మేము ఆదివారం చర్చికి వెళ్తాం. కువైట్‌లో సెలవు శుక్రవారం కాబట్టి ఆరాధన ఆ రోజే. ఇజ్రాయెల్‌లో ఆదివారం అందరూ పనికి పోతారు, అక్కడ మా ఆరాధన శనివారం. రోజు మారినా ప్రార్థన అదే కదా అనుకునేదాన్ని. కానీ ఒక్కో మతంలో ఆ రోజుకున్న అర్థమే వేరు. దేవుడు ఆరు రోజులు సృష్టి చేసి ఏడో రోజు విశ్రమించాడు కాబట్టి యూదులు శనివారం పని ఆపేస్తారు. మాకు ఆదివారం యేసు తిరిగి లేచిన రోజు. ముస్లింలకు శుక్రవారం అసలు విశ్రాంతి దినమే కాదు. జుమా నమాజు (శుక్రవారం అందరూ కలిసి చేసే ప్రార్థన) అయ్యాక మళ్ళీ వెళ్ళి మీ జీవనోపాధి చూసుకోండి అని ఖురాన్ 62వ సూరా, అంటే అధ్యాయం, చెబుతుంది. ఆరు రోజుల్లో సృష్టి చేసినా దేవుడికి అలసట అంటలేదని 50వ సూరాలో ఉంది.

జెరూసలేంలో నేను చూసుకున్న మామ్మగారు శుక్రవారం సూర్యాస్తమయానికి 40 నిమిషాల ముందే కొవ్వొత్తులు వెలిగించేవారు. అప్పటి నుంచి శనివారం చీకటి పడి మూడు నక్షత్రాలు కనిపించేదాకా స్టవ్ వెలిగించకూడదు, లైటు స్విచ్ ముట్టకూడదు. పాలూ మాంసమూ కలవకూడదు కాబట్టి వంటింట్లో మాంసానికి ఒక సింకు, పాలకు ఒక సింకు, గిన్నెలు కూడా రెండు జతలు. నేను చేరిన రెండో నెలలో, పొద్దున వేడి పాలు కలిపిన చెంచాతోనే పొయ్యి మీద ఉడుకుతున్న మాంసం కూర కలిపేశాను. ఆమె కోప్పడలేదు. స్టవ్ ఆపి, రబ్బీకి (యూదు మతగురువుకు) ఫోన్ చేశారు. ఆ చెంచా 24 గంటల లోపల వేడి పాలకు వాడారా, కూర అందులో మునిగిన చెంచా భాగానికి 60 రెట్లు ఉంటుందా అని ఆయన అడిగారు. ఆ కాసేపు నాకు టెన్షన్‌తో చేతులు వణికాయి. 60 రెట్లు ఉంటే చెంచాకు అంటిన పాలు లెక్కలోకి రావట, పెద్ద గిన్నె కాబట్టి కూర తినొచ్చు, చెంచా మాత్రం పక్కన పెట్టమన్నారు.

మేకపిల్లను దాని తల్లిపాలతో ఉడకబెట్టకూడదన్న మాట మోషే గ్రంథాల్లో (బైబిలు మొదటి ఐదు పుస్తకాల్లో) మూడు చోట్ల ఉంది. చిన్నప్పటి నుంచి బైబిలు చదువుతున్నా నేను ఆ మాట దగ్గర ఎప్పుడూ ఆగలేదు. వాళ్ళ వంటిల్లంతా ఆ మాట మీదే నిలబడి ఉంది. యూదు మతం నాకు అర్థమైంది అక్కడే. వాళ్ళకు ముందు వచ్చేది ఆచరణ. 613 ఆజ్ఞలున్నాయంటారు. మామ్మగారి కొడుకు దేవుణ్ణి నమ్మనని చెప్పేవాడు, అయినా పండక్కి వచ్చి కూర్చునేవాడు. యూదు తల్లికి పుట్టాడు కాబట్టి అతను యూదుడే. మాలో అలా కుదరదు. యేసును నమ్మితేనే క్రైస్తవుడు, తిండి నిషేధాలు మాకు చాలావరకు లేవు. నా రొయ్యల ఇగురు ఆరేళ్ళపాటు ఆ ఇంట్లోకి రాలేదు, పొలుసూ రెక్కలూ ఉన్న చేపలైతేనే వాళ్ళు తింటారు.

పంది మాంసం యూదులకూ ముస్లింలకూ నిషిద్ధమే. కానీ ఒంటె మాంసం ముస్లింలు తింటారు, యూదులు తినరు. ద్రాక్షారసం మీద దీవెన చెప్పకుండా మామ్మగారు సబ్బాతు (ఆ శనివారపు విశ్రాంతి దినం) భోజనం మొదలుపెట్టేవారు కాదు. చర్చిలో మేము యేసు జ్ఞాపకంగా తీసుకునే ప్రభురాత్రి భోజనంలోనూ ద్రాక్షారసం ఉంటుంది. ముస్లింలకు మద్యం పూర్తిగా నిషిద్ధం.

ఇక అసలు తేడా యేసు దగ్గర వస్తుంది. నేను క్రైస్తవురాలినని తెలిశాక కువైట్‌లో మేడమ్ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని మరియం సూరా చదివి అర్థం చెప్పింది. కన్య అయిన మరియమ్మకు యేసు పుట్టడం అందులో ఉంది. నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి, మనం ఒకటే కదా అన్నాను. కాదు, ఈసా (యేసు) గొప్ప ప్రవక్త, దేవుడి కుమారుడు కాడు, సిలువ మీద చనిపోలేదు అని మెల్లగా, స్పష్టంగా చెప్పింది. నాకు బాధేసింది, కానీ ఆమె నా దగ్గర ఏదీ దాచలేదు. మామ్మగారి ఇంట్లోనైతే యేసు ప్రస్తావనే ఉండేది కాదు. వాళ్ళకు మెస్సీయ, అంటే దేవుడు పంపుతానన్న అభిషిక్తుడు, ఇంకా రావాలి. అందుకే "అన్నీ ఒకటే" అని ఎవరైనా తేలిగ్గా అంటే నేను ఒప్పుకోను. ఆ మాట ముగ్గురి విశ్వాసాన్నీ చిన్నబుచ్చుతుంది.

ఉపవాసాలు కూడా అంతే. యోమ్ కిప్పూర్‌కు (యూదుల ప్రాయశ్చిత్త దినానికి) దాదాపు 25 గంటలు మంచినీళ్ళు కూడా ముట్టరు. రంజాన్‌లో నెలంతా తెల్లవారుజాము నుంచి సూర్యాస్తమయం దాకా ఉంటారు. ఈస్టర్‌కు ముందు వచ్చే మా శ్రమల దినాలు 40, అందులో ఎవరి శక్తి కొద్దీ వాళ్ళు ఉంటారు. రంజాన్ ఏటా సుమారు 11 రోజులు ముందే వస్తుంది, అది పూర్తి చాంద్రమానం. యూదులు మన అధిక మాసంలాగే 19 ఏళ్ళలో 7 సార్లు ఒక నెల కలుపుతారు, అందుకే వాళ్ళ పస్కా (ఐగుప్తు బానిసత్వం నుంచి విడుదలైన పండగ) ఎప్పుడూ వసంతంలోనే వస్తుంది.

మీరు సొంతంగా పోల్చి చూడాలనుకుంటే ఒక్క కథ తీసుకోండి, అబ్రాహాము కొడుకును బలి ఇవ్వబోయిన కథ. బైబిలు మొదటి పుస్తకం ఆదికాండము 22వ అధ్యాయంలో ఆ కొడుకు ఇస్సాకు. ఖురాన్ 37వ సూరాలో పేరు లేదు, ఎక్కువమంది ముస్లింలు ఇస్మాయిల్ అంటారు, బక్రీదు ఆ జ్ఞాపకమే. మా కొత్త నిబంధనలోని హెబ్రీయులకు రాసిన పత్రిక 11వ అధ్యాయం అదే కథను చనిపోయినవాణ్ణి దేవుడు లేపగలడన్న నమ్మకంగా చెబుతుంది. మూడూ కలిపి గంటలోపే చదవొచ్చు. చదివాక ఏదైనా సందేహం వస్తే ఇక్కడే అడగండి, తెలిసినంతలో చెబుతాను.