పాకం దగ్గర నిలిచిన మనసు

ప్రశ్న: నా వయసు 41. గుంటూరులో ఒక ప్రైవేటు పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. మావారు ఉద్యోగం చేస్తూనే మా చర్చి సంఘానికి కోశాధికారిగా ఉన్నారు. డిసెంబరు మొదలైతే చాలు, సెమీ క్రిస్మస్‌లు, అర్ధరాత్రి దాకా క్యారల్ రౌండ్స్, ఇంటికి రంగులు, కొత్త బట్టలు, పిండివంటలు, దిద్దాల్సిన పరీక్ష పేపర్లు, పండుగకు హైదరాబాదు నుంచి దిగే ఆడపడుచు కుటుంబం. ఇన్నాళ్లూ ఇవన్నీ దగ్గరుండి నడిపించిన మా అత్తయ్య ఐదు నెలల కిందట చనిపోయారు. ఆమె పేరెత్తితే మావారు ‘పండుగ పూట ఆ మాటలెందుకు’ అంటారు. నిరుడు గుమ్మం ముందు నక్షత్రం కడుతూ మా అమ్మాయి దాన్ని జారవిడిస్తే, చుట్టాలందరి ముందూ కేకలు వేశాను. అత్తయ్యే దాన్ని లోపలికి తీసుకెళ్లి ఊరడించారు. దానికిప్పుడు పద్నాలుగేళ్లు. ఈసారి అలా జరగకూడదని ఫోన్‌లో మైండ్‌ఫుల్‌నెస్ (ఎరుకతో ఉండటాన్ని నేర్పే ధ్యానం) యాప్ పెట్టుకొని తెల్లవారుజామున ఇరవై నిమిషాలు కూర్చోవడం మొదలుపెట్టాను. మూడో రోజుకే మానేశాను. కళ్లు మూసుకుంటే సరుకుల చిట్టా తప్ప మరేమీ కనిపించలేదు. పైగా స్త్రీల సమాజంలో ఒక పెద్దావిడ అది మన విశ్వాసానికి తగినది కాదన్నారు. నాలాంటి వాళ్లకు ఇది కుదురుతుందా? అసలు చేయవచ్చా?

సమాధానం: అమ్మా, మీరు మూడు రోజులకే మానేసినందుకు నొచ్చుకోవద్దు. క్యారల్స్ వాళ్లను సాగనంపి అర్ధరాత్రి దాటాక పడుకొనే మనిషి తెల్లవారుజామునే లేచి కూర్చోవడం నిద్రలోంచి అప్పు తీసుకోవడమే, ఆ అప్పుకు వడ్డీ సాయంత్రానికి పిల్లల మీద చిరాకు రూపంలో కట్టవలసి వస్తుంది. అందుచేత ఈ డిసెంబరులో మీ రోజులోంచి కొత్తగా ఒక్క నిమిషం కూడా నేను అడగబోవడం లేదు. ఆ యాప్‌ను కొంతకాలం పక్కన పెట్టండి. తిరిగి తెరవాలనిపిస్తే సంక్రాంతి దాటాక చూసుకోవచ్చు.

కళ్లు మూసుకుంటే సరుకుల చిట్టా కనిపించిందని రాశారు. చాలామంది పొరబడేది సరిగ్గా ఇక్కడే. మనసు ఖాళీ కావడం ఈ అభ్యాసం లక్ష్యం కాదు. మనసు చిట్టా మీదికి పోయిందని మీరు గమనించిన ఆ క్షణమే ఎరుక, అక్కడి నుంచి మళ్లీ శ్వాస మీదికో చేతిలోని పని మీదికో తీసుకురావడమే సాధన. ఇరవై నిమిషాల్లో యాభై సార్లు పోయి యాభై సార్లు తిరిగి వస్తే యాభై సార్లు సాధన చేసినట్టే లెక్క. అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో జాన్ కబాట్-జిన్ 1979లో దీన్ని దీర్ఘకాలిక నొప్పులతో బాధపడే రోగులకు కొన్ని వారాల శిక్షణగా మొదలుపెట్టాడు. రోజుకు ముప్పావుగంట దాకా ఇంటివద్ద అభ్యాసం చేయగలవారి కోసం రూపొందించిన పద్ధతి అది. మీకున్న డిసెంబరు అటువంటిది కాదు.

అయితే మీకు ఎరుక అలవాటు లేదని మాత్రం నేను ఒప్పుకోను. మీరు అరిసెలు వండుతారు కదా. తడి ఆరకుండా పట్టించిన బియ్యప్పిండిని పక్కన పెట్టుకొని, పొయ్యి మీద బెల్లం నురగలు కడుతుండగా, పళ్లెంలోని నీళ్లలో ఒక చుక్క పాకం వేసి వేలితో కూడదీసి చూసే ఆ రెండు నిమిషాలు ఎలా ఉంటాయో గుర్తు తెచ్చుకోండి. చుక్క జారిపోతే ఇంకా లేతపాకమే, అరిసె నూనెలో విచ్చిపోతుంది. ఒక్క క్షణం ఏమరితే ముదిరి, అరిసె రాయి అవుతుంది. మెత్తని ఉండ వేలికి తగిలిన ఆ క్షణంలో మీకు పరీక్ష పేపర్లూ గుర్తుండవు, ఆడపడుచు ఏమంటుందోనన్న భయమూ ఉండదు. కళ్లు, ముక్కు, వేలికొస అన్నీ ఒకచోటే ఉంటాయి. మైండ్‌ఫుల్‌నెస్ అని పెద్ద పేరు పెట్టి చెబుతున్నది ఇదే. బహుశా మీ అత్తయ్యే మీకు ఆ ఉండపాకం గుర్తుపట్టడం నేర్పి ఉంటారు, కాబట్టి ఈ విద్యలో మీ మొదటి గురువు యాప్ కాదు.

ఇక విశ్వాసం సంగతి. ఆ పెద్దావిడ మాటను తేలిగ్గా కొట్టివేయలేం, ఎందుకంటే ఈ పద్ధతి మూలాలు బౌద్ధంలో ఉన్నమాట నిజమే. పాళీలో ‘సతి’ అని, సంస్కృతంలో ‘స్మృతి’ అని చెప్పే భావన నుంచి ఇది వచ్చింది. మీ ఊరికి దగ్గరలోనే ఉన్న అమరావతి స్తూపం నాటి భిక్షువుల సంప్రదాయంలోనిదే అది. కానీ చేస్తున్న పని మీద మనసు నిలపడం ఏ ఒక్క మతానికీ సొంతం కాదు, క్రైస్తవ సంప్రదాయంలోనూ దానికి పాత దారులున్నాయి. పదిహేడో శతాబ్దంలో పారిస్‌లోని ఒక కార్మెలైట్ మఠంలో బ్రదర్ లారెన్స్ అనే సాధారణ సేవకుడు ఏళ్ల తరబడి వంటశాలలో పనిచేశాడు. ఆ పని అతనికి స్వతహాగా ఇష్టం లేదు. అయినా గిన్నెల చప్పుడు మధ్య, నలుగురూ నాలుగు పనులు పురమాయిస్తున్నప్పుడు కూడా, మోకాళ్ల మీద ఉన్నప్పటి ప్రశాంతతే తనకు అక్కడ దొరుకుతున్నదని చెప్పుకొన్నాడు. అంతదాకా ఎందుకు, క్రిస్మస్ కథలోనే చూడండి. గొర్రెల కాపరులు వచ్చి తాము విన్నదంతా చెప్పాక, మరియ ఆ మాటలన్నిటినీ హృదయంలో తలపోసుకొంటూ భద్రం చేసుకొన్నదని లూకా రాశాడు. పశువుల తొట్టి పక్కన, పసిబిడ్డతో, వచ్చేపోయే జనం మధ్య ఆమె చేసిన పని అది. మీకు ఇంకా సంకోచంగా ఉంటే ఆ ఇంగ్లీషు పేరు వదిలేయండి, శ్వాస తీసుకొనేటప్పుడు మీకు బాగా తెలిసిన ఒక చిన్న ప్రార్థన వాక్యాన్ని మనసులో అనుకోండి, మీ సంఘ కాపరి అయ్యగారితో ఒకమాట మాట్లాడండి. పెద్దావిడతో వాదనకు మాత్రం దిగవద్దు. డిసెంబరులో అదొక అదనపు పని అవుతుంది.

రోజూ ఏం చేయాలంటే, ఇప్పటికే చేస్తున్న పనుల్లో మూడింటిని పట్టుకోండి. ఉదయం పాలు పొంగేదాకా పొయ్యి దగ్గర ఎలాగూ నిలబడతారు. అప్పుడు ఫోన్ మరో గదిలో ఉంచి, పాదాల కింద గచ్చు చల్లదనాన్ని గమనిస్తూ, శ్వాస లోపలికి పీల్చేటప్పుడు నాలుగు, వదిలేటప్పుడు ఆరు లెక్కపెట్టండి. శ్వాస వదలడం నిదానించినప్పుడు గుండె వేగం కాస్త తగ్గుతుంది, శరీరానికి ఇప్పుడు ఆపదేమీ లేదన్న కబురు అందుతుంది. ఆరేడు శ్వాసలు చాలు, పాలు పొంగితే ఎలాగూ ఆపేస్తారు. రెండోది, బడి నుంచి వచ్చి గేటు తీసేటప్పుడు, గడియ మీద చెయ్యి వేసి ఒక్క శ్వాసంత సేపు ఆగి, బడిలోని విసుగు ఇంట్లోకి వస్తున్నదా అని చూసుకోండి. మూడోది రాత్రి క్యారల్స్. యువకులు గిటారు, డప్పుతో గుమ్మం ముందు నిలబడి పాడుతుంటే, గృహిణులు చాలామంది లోపల కప్పులు లెక్కపెట్టుకొంటూ ఉంటారు. మీరు ఒక్క చరణమైనా బయటికి వచ్చి, డిసెంబరు చలిలో నిలబడి, మొదటి అక్షరం నుంచి చివరి దాకా వినండి. టీ రెండు నిమిషాలు ఆలస్యమైతే పాడినవాళ్లెవరూ అలగరు.

కొందరికి కళ్లు మూసుకొని శ్వాస మీద మనసు పెడితే నెమ్మది రాకపోగా ఛాతీ బిగిసినట్టు, భయం వేసినట్టు అవుతుంది. ఇటీవల ఆత్మీయులను పోగొట్టుకొన్నవారికి ఇలా జరగవచ్చు. మీకూ అలా అనిపిస్తే బలవంతం వద్దు. కళ్లు తెరిచే ఉంచి, ఎదురుగా కనిపిస్తున్న ఐదు వస్తువుల పేర్లు మనసులో చెప్పుకోండి.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆపింది పనుల జాబితా కాదు, అత్తయ్య గురించిన ఆ రెండు వాక్యాలు. మీరు ప్రశ్న అడిగింది మైండ్‌ఫుల్‌నెస్ గురించి, కానీ ఈ ఇంట్లో ఐదు నెలలుగా ఎవరూ నోరు తెరిచి ఏడవలేదని నాకు అర్థమైంది. ఆమె లేకుండా వస్తున్న మొదటి క్రిస్మస్ ఇది. మందిరంలో ఆమె కూర్చొనే చోటు, ఆమె చేతి అరిసెల చెక్కలు, కొత్త చీర ఎవరికి ఎంత పెట్టి కొనాలో ఆమె వేసే లెక్క, ఇవన్నీ ఈ నెలలో ఒక్కొక్కటిగా ఎదురుపడతాయి. అలాంటప్పుడు ఎరుకను దుఃఖానికి అడ్డుకట్టగా వాడవద్దు. గొంతులో ముద్ద అడ్డం పడినప్పుడు ‘ఇది అత్తయ్య మీద బెంగ’ అని దాని పేరు చెప్పుకోండి, అది గొంతులో ఉందా, గుండెల్లో ఉందా గమనించండి, కన్నీళ్లు వస్తే రానివ్వండి. పేరు పెట్టని దుఃఖమే చాలాసార్లు కోపం వేషం వేసుకొని, చేతికందిన పిల్లల మీద పడుతుంది.

మీవారు ‘పండుగ పూట ఆ మాటలెందుకు’ అన్నారని మీకు కోపం వచ్చి ఉండవచ్చు. పోయినది ఆయన తల్లి అన్న సంగతిని కూడా దృష్టిలో పెట్టుకోండి. అందరి ముందూ చెదిరిపోతానేమోనన్న భయంతో నోరు మూయించే మగవాళ్లను నేను చాలామందిని చూశాను. పనుల మధ్య కాకుండా, రాత్రి ఇద్దరే ఉన్నప్పుడు, ‘నాకు అత్తయ్య లేకుండా పండుగ చేయడం కష్టంగా ఉంది, మీకెలా ఉంది’ అని అడిగి ఊరుకోండి. జవాబు వెంటనే రాకపోయినా ఆ మౌనాన్ని మీరు నింపవద్దు. ఆయన ఒప్పుకొంటే 24వ తేదీ సాయంత్రం కుటుంబ ప్రార్థన తరువాత ఆమె బైబిలును బల్ల మీద పెట్టి, ఆడపడుచుతో సహా తలా ఒక జ్ఞాపకం చెప్పుకోండి. ఆడపడుచు కూడా అమ్మ లేని పుట్టింటికి మొదటిసారి పండుగకు వస్తున్నది, ఆమె గుమ్మంలో అడుగుపెట్టేటప్పుడు మీరిద్దరూ ఒకే కష్టంలో ఉన్నారన్న సంగతి గుర్తుంచుకోండి.

ఇంకొక మాట కొంచెం కటువుగానే చెబుతాను. శ్వాస ఎంత చక్కగా పీల్చినా సున్నుండలు వాటంతట అవి చుట్టుకోవు. ఒక మనిషి మీద నలుగురి పని పడుతుంటే, దాన్ని చిరునవ్వుతో మోయడం నేర్పడానికి మైండ్‌ఫుల్‌నెస్‌ను వాడటం నాకు నచ్చదు. నిన్నటిదాకా ఇద్దరు ఆడవాళ్లు చేసిన పని ఇవాళ ఒక్కరి మీద పడింది, దాన్ని లెక్కలు తెలిసిన కోశాధికారిగారికి లెక్కగానే చెప్పండి. క్యారల్స్ రాత్రి టీ, ఫలహారం బాధ్యత ఆయనదే కావాలి. కారప్పూస, చక్కిలాలు వండి అమ్మేవాళ్ల దగ్గర తెప్పించుకొని, అరిసెలు మాత్రం అత్తయ్య గుర్తుగా ఒక్క వాయి ఇంట్లో వండుకోండి. ఆడపడుచుకు ముందుగానే ఫోన్ చేసి, కేకులూ పిల్లల బట్టలూ ఆమె తెచ్చేలా మాట్లాడుకోండి. అడిగితే తక్కువవుతామని మీరు అనుకొంటారు. ఆమె మాత్రం అడగలేదని నొచ్చుకొంటుంది.

నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం, దేని మీదా ఆశ లేకపోవడం రెండు వారాలకు మించి రోజూ ఉంటే, బతకడమే బరువుగా అనిపిస్తే అసలు ఆగకుండా, మానసిక వైద్యుల్ని కలవండి. ప్రభుత్వం ఫోన్‌లో అందించే మానసిక ఆరోగ్య సలహా సేవ టెలీ మానస్ 14416 నంబరులో రాత్రింబవళ్లు ఉచితంగా, తెలుగులోనే దొరుకుతుంది. ప్రార్థన చేస్తూనే వైద్యం తీసుకోవచ్చు, ఒకదానికొకటి అడ్డు రాదు.

చివరిగా మీ అమ్మాయి. నిరుడు ఆ పూట జరిగింది మీకెంత గుర్తుందో దానికీ అంతే గుర్తుంటుంది, దాన్ని ఊరడించిన మనిషి ఇప్పుడు లేదన్నది దానికి ఇంకొక బాధ. చుట్టాలు దిగకముందే, ఏదో ఒక సాయంత్రం దాన్ని పక్కన కూర్చోబెట్టుకొని, ‘ఆ రోజు నేను అలా అరవకుండా ఉండాల్సింది, తప్పు నాది’ అని చెప్పండి. ‘కానీ నువ్వు కూడా’ అన్న మాట దానికి తోక తగిలించవద్దు. ఆ తరువాత నక్షత్రం, తాడు, బల్బు దాని చేతికే ఇచ్చి, నిచ్చెన మీరు పట్టుకోండి. అది ముడి వేస్తున్నంత సేపూ వంకరగా ఉందనో, ఇంకాస్త పైకి కట్టమనో అనాలనిపిస్తుంది. అప్పుడు నిచ్చెన పట్టుకొన్న మీ చేతుల్ని చూసుకోండి, ఒక శ్వాస వదలండి. వంకరగానే వేలాడనివ్వండి.