రెండు ప్యానెళ్ల ఫైల్ మేనేజర్ గురించి ఫోటో స్టూడియో పెట్టిన మా అబ్బాయికి

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

విండోస్‌తో పాటు వచ్చే ఫైల్ ఎక్స్‌ప్లోరర్ బదులు ఇంకొక ఫైల్ మేనేజర్, అంటే ఫైళ్లను చూసుకుని సర్దుకునే ప్రోగ్రాము, వాడితే స్టూడియో పని తేలికవుతుందా అని నువ్వు అడిగావు. ఫోనులో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు కనుక ఇలా రాస్తున్నాను. తప్పకుండా తేలికవుతుంది. అయితే నేను మార్చుకోమంటున్నది వేగం కోసం కాదు. జీలకర్ర బెల్లం ఘడియ ఫోటోలు మళ్లీ తీయగలిగేవి కావు కనుక, ఏ ఫైలు ఎక్కడినుంచి ఎక్కడికి వెళ్లబోతోందో కాపీ మొదలుపెట్టకముందే నీ కంటికి కనబడాలి. నా పట్టింపంతా ఆ ఒక్కదాని మీదే.

ఎక్స్‌ప్లోరర్‌లో ఒకసారికి ఒక్క ఫోల్డరే కనబడుతుంది. 2022లో విండోస్ 11కు ట్యాబులు వచ్చాయి గానీ, ఒక ట్యాబు తెరిస్తే రెండోది దాని వెనుకే ఉండిపోతుంది. రెండు విండోలు పక్కపక్కన పెట్టుకున్నా ఇంకో చిక్కు ఉంది. మౌసుతో పట్టి లాగి వేరే డ్రైవులో వదిలితే ఫైలు కాపీ అవుతుంది, అదే డ్రైవులోని మరో ఫోల్డరులో వదిలితే ఉన్నచోటు నుంచి తరలిపోతుంది. చేతి కదలిక ఒక్కటే, ఫలితాలు రెండు. రాత్రంతా పెళ్లి ఫోటోలు తీసి తెల్లవారుజామున కెమెరా మెమరీ కార్డులు ఖాళీ చేసుకునే మనిషికి ఈ తేడా ప్రతిసారీ గుర్తుండాలనడం న్యాయం కాదు.

ఈ చిక్కుకు పరిష్కారం విండోస్‌కు ముందు వాడిన డాస్ కాలంలోనే దొరికింది. జాన్ సోచా రాసిన నార్టన్ కమాండర్ 1986లో వచ్చింది. తెరను నిలువునా రెండు ప్యానెళ్లుగా చీల్చి, నువ్వున్న ప్యానెల్‌లోని ఫైళ్లను ఎదుటి ప్యానెల్‌లోకి పంపడమే దాని పద్ధతి. ఆ బాటలోనే స్విట్జర్లాండ్‌కు చెందిన క్రిస్టియన్ గిస్లర్ 1993లో విండోస్ కమాండర్ తెచ్చారు. 2002 నుంచి దాని పేరు టోటల్ కమాండర్. దానిని 30 రోజులు ఉచితంగా వాడి చూడవచ్చు, ఆ తర్వాత కొనుక్కోవాలి. దాన్ని చూసి ఓపెన్ సోర్స్ పద్ధతిలో, అంటే ప్రోగ్రాము కోడ్ అందరికీ తెరిచి ఉంచి, తయారైనది డబుల్ కమాండర్. అది పూర్తిగా ఉచితం, పైగా విండోస్, లినక్స్, మ్యాక్ మూడింటి మీదా ఒకేలా నడుస్తుంది. ఒకప్పటి అమీగా కంప్యూటర్ల మీద పుట్టిన డైరెక్టరీ ఓపస్ కూడా ఉంది, చాలా సమర్థమైనదే గానీ ఇప్పుడే అంత ఖర్చు నీకెందుకు? డబుల్ కమాండర్‌తో మొదలుపెట్టు. దాన్ని దాని సొంత సైటు నుంచే దించుకో.

నేర్చుకోవలసిన మీటలు కొద్దిగానే ఉన్నాయి. ట్యాబ్ మీటతో ఒక ప్యానెల్ నుంచి మరో దానికి మారతావు. ఎఫ్5 కాపీ, ఎఫ్6 తరలింపు, ఎఫ్7 కొత్త ఫోల్డరు, ఎఫ్8 తొలగింపు. ఎక్స్‌ప్లోరర్‌లో ఎఫ్5 కేవలం రిఫ్రెష్ కనుక మొదటి వారం వేళ్లు తడబడతాయి. కార్డు విషయంలో మాత్రం ఎఫ్6, ఎఫ్8 రెండింటి జోలికీ పోవద్దు. మెమరీ కార్డు మీద తొలగించిన ఫైలు విండోస్ రీసైకిల్ బిన్‌లోకి చేరదు, నేరుగా పోతుంది.

ఇప్పుడు అసలు ప్రమాదం చెబుతాను, శ్రద్ధగా చదువు. కెమెరాలు ఫోటోలకు పెట్టే పేర్లలో చివరి అంకెలు 0001 నుంచి 9999 దాకా వెళ్లి మళ్లీ మొదటికి వస్తాయి. ఒకే కంపెనీ కెమెరాలు రెండు వాడితే, పెళ్లికూతురి గదిలో తీసిన ఒక ఫోటోకూ మండపంలో తీసిన మరో ఫోటోకూ అచ్చంగా ఒకే పేరు ఉండవచ్చు. రెండు కార్డులనూ ఒకే ఫోల్డరులో పోస్తే రెండోది మొదటిదాన్ని చెరిపి దాని చోట కూర్చునే ప్రమాదం ఉంది. డబుల్ కమాండర్ ఆ క్షణంలో ఆగి, రెండు ఫైళ్ల సైజులూ తేదీలూ చూపించి ఏం చేయమంటావని అడుగుతుంది. అక్కడ తొందరపడి అన్నింటికీ ఓవర్‌రైట్ నొక్కావా, ఏ ప్రోగ్రామూ నిన్ను కాపాడలేదు. అందుకే ఎఫ్7తో ఒక్కో కార్డుకు ఒక్కో ఫోల్డరు ముందే తెరిచి పెట్టుకో.

కాపీ అయ్యాక ఎడమవైపు కార్డు, కుడివైపు హార్డ్ డిస్క్ ఫోల్డరు ఉంచి, కమాండ్స్ మెనూలో ఫోల్డర్లను సింక్రనైజ్ చేసే, అంటే రెంటినీ పోల్చి సమానం చేసే, సాధనం తెరువు. ఉప ఫోల్డర్లను కూడా కలుపుకోమని, పేరూ తేదీ మాత్రమే గాక లోపలి డేటాను కూడా పోల్చమని టిక్కు పెట్టి కంపేర్ నొక్కు. ప్రతి ఫైలునూ రెండువైపులా పూర్తిగా చదవాలి కనుక చాలాసేపు పడుతుంది, పట్టనీ. అన్ని వరుసల మధ్యా సమాన చిహ్నం కనబడితేనే ఆ కాపీ నిజమైన కాపీ. ఆ విండోలో అసిమెట్రిక్ అనే ఎంపిక కూడా ఉంటుంది. ఎడమవైపు లేనివాటిని కుడివైపు నుంచి తీసివేయడం దాని పని కనుక దాన్ని ముట్టుకోవద్దు.

పేర్లు మార్చడానికి కంట్రోల్, ఎం కలిపి నొక్కితే వచ్చే సాధనం ఉంది. పాత పేర్ల పక్కనే కొత్త పేర్లు ఎలా ఉండబోతాయో మార్చకముందే చూపిస్తుంది. వరుస సంఖ్యలు వేయాలనిపిస్తుంది గానీ వద్దు నాన్నా. నువ్వు ప్రతి ఫోటోకూ రా ఫైలునూ (కెమెరా దిద్దకుండా ఇచ్చే ముడి ఫైలు) జేపెగ్‌నూ జతగా తీస్తావు కదా, వరుస సంఖ్య వేస్తే ఆ జతలో చెరొకదానికీ వేరే సంఖ్య పడి జత విడిపోతుంది. కెమెరా ఇచ్చిన పేరును అలాగే ఉంచి, దాని ముందు సంవత్సరం, నెల, తేదీ, కెమెరా గుర్తు చేర్చు. సంవత్సరం ముందుంటే ఫైళ్లు వాటంతటవే కాలక్రమంలో నిలబడతాయి. ఈ పని ఫోటోలు దిద్దే లైట్‌రూమ్ ప్రోగ్రాములోకి ఎక్కించకముందే ముగించు, తర్వాత బయట పేరు మారిస్తే అది ఫోటోలను గుర్తుపట్టలేదు.

పేర్లు మార్చిన ఫోల్డరును రెండో డిస్కులోకి ఎఫ్5తో పంపి, అక్కడ కూడా డేటా పోల్చి చూడు. ఆ రెండో డిస్కు స్టూడియోలో కాక ఇంట్లో ఉండాలి. ముందుగా ఏదైనా పాత ఫంక్షన్ ఫోల్డరుకు నకలు తీసి, ఈ పనులన్నీ దాని మీద ఒక వారం సాధన చేసి, ఆ తర్వాతే కొత్త పెళ్లి ఫోటోలున్న మెమరీ కార్డుల మీద చెయ్యి వెయ్యి. రెండు డిస్కులూ సరిపోలాక కార్డును కెమెరాలోనే ఫార్మాట్ చెయ్యి, కంప్యూటరులో వద్దు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న