పిన్ని నన్ను చూస్తే ఎందుకు ఏడుస్తుంది?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. పెళ్లయి పదకొండేళ్లయినా మాకు పిల్లలు కలగలేదు. మా చెల్లెలిది ఏటవతల, రాజోలు వైపు. దానికి వరసగా ఇద్దరాడపిల్లలు. మూడోసారీ ఆడపిల్లే అనేసరికి అత్తవారింట్లో మొహాలు మాడ్చుకున్నారు. బారసాల రోజునే పాపని తెచ్చి నా ఒళ్లో పెట్టింది. ఆ తర్వాత దానికి బాబు పుట్టాడు. పాపకిప్పుడు తొమ్మిదేళ్లు. కాగితాలేమీ రాసుకోలేదు. పుట్టిన సర్టిఫికెట్‌లో చెల్లెలు, మరిది పేర్లున్నాయి, బడి రిజిస్టర్లో మావి. పాపకి ఏమీ చెప్పలేదు. పద్దెనిమిదేళ్లొచ్చాక చెబుదామని మావారు, అసలు చెప్పనే వద్దని అత్తగారు. బారసాల ఫోటో కూడా బీరువాలో చీరల కింద దాచాను. మొన్న దీపావళికి చెల్లెలు వచ్చి వెళ్లాక, ‘పిన్ని నన్ను చూసినప్పుడల్లా ఎందుకు ఏడుస్తుంది?’ అని పాప అడిగింది. కంట్లో నలక పడిందన్నాను. సంక్రాంతికి రమ్మని, కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి తీసుకెళ్తానని చెల్లెలు పాపకి మాటిచ్చింది. నాకు భయంగా ఉంది. చెబితే నా పిల్ల నాకు దక్కుతుందా?

జవాబు:

అమ్మా, నలక మాట పాప నమ్మిందని నేననుకోను. ‘చూసినప్పుడల్లా’ అందంటే చాలాకాలంగా గమనిస్తోందన్నమాట. పిల్లలు ఊరికే లెక్కపెట్టరు.

మీ ఊళ్లో ఈ సంగతి ఎవరెవరికి తెలుసో ఒకసారి వేళ్ల మీద లెక్కేయండి. మీరు నీళ్లోసుకోలేదని ఎరిగిన పక్కింటివాళ్లు, బారసాలకి వచ్చిన చుట్టాలు, డబ్బా పాలు అమ్మిన మందుల షాపతను, సర్టిఫికెట్ చూసిన మేష్టారు. వాళ్లందరి ఇళ్లల్లోనూ పిల్లలున్నారు, పెద్దవాళ్ల మాటలు వాళ్ల చెవిన పడుతూనే ఉంటాయి. ఊరు మొత్తమ్మీద తెలియనిది ఒక్క పాపకే. ఇంక ఇందులో దాచిందేముంది?

నా దగ్గరికి వచ్చిన ఒకతని సంగతి చెబుతాను, ఆనవాళ్లు తీసేసి. ఇరవై ఆరేళ్లప్పుడు తండ్రి పోయాడు. శవం ఇంకా వాకిట్లో ఉండగానే తలకొరివి దగ్గర మాటొచ్చి, దాయాదుల్లో ఒకాయన ‘వాడు ఈ ఇంటివాడా ఏంటి?’ అనేశాడు. కన్నతండ్రి కాదని తెలిసినందుకు తనకు పెద్ద బాధ లేదన్నాడతను. ‘అక్కడున్న వందమందికీ తెలుసండి, నాకొక్కడికే తెలీదు. ఆ సిగ్గుతో ఆరోజు నాన్న కోసం ఏడవలేకపోయాను’ అన్నాడు. ఆ ఏడుపు ఇప్పటికీ అతని గొంతులోనే ఉంది.

ఆడపిల్లకి అలాంటి రోజు పెళ్లి సంబంధాలప్పుడు వస్తుంది. మీ మరిది గోత్రంవాళ్ల సంబంధం ఒకటి వచ్చిందనుకోండి, ఎవరో ఒక పెద్దాయన గొంతు సవరించుకుంటాడు. ఇంకో మూడేళ్లలో పాప శరీరం మారుతుంది, అద్దంలో పోలికలు వెతుక్కునే వయసు వస్తుంది. పద్దెనిమిదేళ్లు అంటున్న మీవారు పాపకి ఇంటర్ పరీక్షలు, మొండితనం, స్నేహాలు అన్నీ ఒక్కసారి ముసురుకునే ఏడాదిని ఎంచుకున్నారు. తొమ్మిదేళ్లు మేలు. నాలుగేళ్లకే చెప్పి ఉంటే ఇంకా సులువయ్యేది, సరే, అది గడిచిపోయింది.

కాబట్టి సంక్రాంతికి ముందే చెప్పండి. ముందు చెల్లెలికి ఫోన్ చేసి చెబుతున్నామని తెలియజేయండి. పండగ నాలుగు రోజుల్లో మాత్రం వద్దు. మీ ఇంట్లో, మామూలు రోజున, రాత్రి తలకి నూనె రాసేటప్పుడో జడ వేసేటప్పుడో చెబితే చాలు. మీవారూ పక్కనుండాలి. అత్తగారికి ఆరోజు గుడికి పని కల్పించండి.

మాటలు చిన్నవే సరిపోతాయి. ‘నువ్వు పిన్ని కడుపులో పెరిగావు, పిన్నికి పుట్టావు. నెల కూడా నిండని పిల్లప్పుడు మా దగ్గరికొచ్చావు. అప్పటినుంచి నేను అమ్మని, ఈయన నాన్న. పిన్నికి నువ్వంటే చాలా ఇష్టం, నిన్ను చూస్తే అందుకే ఏడుపొస్తుంది. ఆవేళ నలక పడిందని నీకు అబద్ధం చెప్పాను.’ ఆ చివరి మాట వదిలెయ్యకండి. అబద్ధాన్ని మీరే ఒప్పుకుంటే మిగతాదంతా నమ్ముతుంది.

దేవకి, యశోద కథ చెప్పమని మీకు చాలామంది సలహా ఇస్తారు. నేను వద్దంటాను. పిల్లలు కథని చివరిదాకా గుర్తుపెట్టుకుంటారు. కృష్ణుడు అక్రూరుడి రథమెక్కి మధురకి వెళ్లిపోయాడు కదా, యశోద రేపల్లెలోనే ఉండిపోయింది కదా, మరి నేనూ వెళ్లిపోవాలా అని మీ పిల్ల అర్ధరాత్రి లేచి కూర్చుంటుంది. కథే కావాలంటే సీతమ్మ ఉంది. నాగేటి చాలులో దొరికిందని జనకుడు విశ్వామిత్రుడికి దాచకుండా చెప్పాడు. ఆ కథే సీత స్వయంగా అనసూయకి చెప్పింది, అంటే తనకీ తెలుసు. అయినా శ్రీరామనవమి పందిట్లో ప్రవర చదివేటప్పుడు ఆమె జనక మహారాజు కూతురే. ఏమైనా కథ తర్వాత, ముందు మామూలు మాట.

ఇక అసలు కష్టమైన ప్రశ్న. మొదటిరోజు అడగకపోవచ్చు, పది రోజులకి అడుగుతుంది: ‘అక్కల్ని ఉంచుకుంది, తమ్ముణ్ణి ఉంచుకుంది. నన్నే ఎందుకిచ్చేసింది?’

మీకు జవాబు తెలుసు కాబట్టే ఇన్నేళ్లూ నోరు విప్పలేదని నాకనిపిస్తోంది. మూడో ఆడపిల్ల అన్న మాట తొమ్మిదేళ్ల పిల్ల మీద అలాగే పడెయ్యక్కర్లేదు. అబద్ధం చెప్పడానికీ లేదు. ‘దేవుడు నీకోసం రాసిపెట్టాడు’ లాంటివి ఆ పూటకి పనికొస్తాయి, పదిహేనేళ్లొచ్చాక ఎదురు తిరుగుతాయి. ‘మాకు కానుకగా ఇచ్చింది’ అనీ అనకండి. కానుక అంటే వస్తువు. ఇప్పటికి ఇంతవరకు చెప్పొచ్చు: ‘అప్పుడు పిన్ని ఇంట్లో పెద్దవాళ్లు ఆడపిల్లల గురించి తప్పుగా ఆలోచించారు. అది వాళ్ల తప్పు. నీలో ఏ లోపం ఉండి కాదు. మేమేమో పిల్లలు కావాలని ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్నాం.’ ఇందులో ప్రతి ముక్కా నిజమే. మిగతాది పాప పెద్దయ్యాక చెల్లెలే చెప్పాలి. చెప్పగలగాలి కూడా.

శిశుగృహ నుంచి బిడ్డల్ని తెచ్చుకున్న తల్లులు నాకు ఉత్తరాలు రాస్తుంటారు. కన్నదెవరు, ఎందుకు వదిలింది అని పిల్లలడిగితే వాళ్ల దగ్గర చాలాసార్లు చూపించడానికేమీ ఉండదు. మీ పాప ప్రశ్నలకి జవాబు చెప్పాల్సిన మనిషి చించినాడ వంతెన దాటితే ఉంది. ఆవిణ్ణి దూరం పెట్టే ఆలోచన మానుకోండి.

అయితే చెల్లెలికీ కొన్ని షరతులు పెట్టాలి. పాపని ‘నా పిల్ల’ అనకూడదు, అమ్మా అని పిలవమనకూడదు. పిన్ని పిన్నిగానే ఉండాలి. మన వరసల అందం చూడండి: పిన్ని పిల్లలు ఎలాగూ అక్కలూ తమ్ముడే. పాప ఒక్క పిలుపు కూడా మార్చుకోనక్కర్లేదు. చెల్లెలి దుఃఖం కూడా చిన్నదేమీ కాదు. బాలింతగా ఉన్నప్పుడు బిడ్డని ఇచ్చి, పాలు పొంగుతుంటే ఏటవతల కూర్చున్న మనిషి ఆవిడ. ఎవరైనా ఆ మాట ఎత్తి ఆవిణ్ణి ఏడవనిచ్చారా? మీరు ఎత్తండి. పాప లేనప్పుడు.

‘దక్కుతుందా’ అన్న మీ భయంలో సగం కాగితాల్లో ఉంది, దానికి మందు సులువు. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం కింద చెల్లుబాటయ్యే దత్తతని పెంచిన తల్లిదండ్రులు గానీ, ఇంకెవరు గానీ రద్దు చేయలేరు, బిడ్డ కూడా తిరిగి కన్నవారింటికి మారడానికి వీల్లేదు. ఆ చట్టం షరతులు చూస్తే, మీకు కూతురు గానీ కొడుకు కూతురు గానీ లేదు, పాపకి పదిహేనేళ్లు నిండలేదు, మీవారికీ పాపకీ కనీసం 21 ఏళ్ల తేడా ఉండాలి, ఉండే ఉంటుంది. కన్న తల్లిదండ్రులిద్దరి అంగీకారం కావాలి. దత్తహోమం తప్పనిసరి కాదు, బిడ్డని ఇచ్చిపుచ్చుకోవడం మాత్రం తప్పనిసరి. ఇచ్చినవాళ్లు, పుచ్చుకున్నవాళ్లు సంతకాలు చేసిన దత్తత దస్తావేజు రిజిస్టరై ఉంటే, తప్పని రుజువయ్యేదాకా కోర్టు దాన్ని సరైనదనే భావిస్తుంది. బారసాలనాటి దత్తతనే ఇప్పుడు కాగితమ్మీద పెట్టాలా, కొత్తగా జరిపించాలా అన్నది మంచి వకీలు చూసి చెప్పాలి. పదో తరగతి మెమోలో పేర్లు పడేలోగా ఇది తేలిపోవాలి, ఆ తర్వాత తిప్పలు ఎక్కువ.

రెండో దారి 2015 నాటి బాల న్యాయ చట్టం. బంధువుల బిడ్డని కారా (దత్తతల వ్యవహారం చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ద్వారా దత్తత తీసుకోవడం. పెద్దమ్మ ఆ చట్టం చెప్పే బంధువుల్లో ఉంది. 2022 సెప్టెంబరు నుంచి ఆ దత్తత ఉత్తర్వులు కోర్టుకి బదులు కలెక్టర్ ఇస్తున్నారు. మీకు మొదటి దారే దగ్గరనుకుంటాను. కానీ రెండో దారిలో నాకు బాగా నచ్చిన నియమం ఒకటుంది: ఐదేళ్లు దాటిన బిడ్డ సమ్మతి అడగాలి. మీరు ఏ దారిన వెళ్లినా పాపని అడగండి. అడగాలంటే ముందు చెప్పాలి కదా.

చెప్పాక ఏమవుతుంది? ఏమీ కానట్టు లేచి టీవీ పెట్టుకోవచ్చు. అదే ప్రశ్న ఇరవైసార్లు అడగొచ్చు, ఇరవైసార్లూ అదే జవాబు చెప్పండి. ఎప్పుడో హోంవర్క్ దగ్గర కేకలేస్తే ‘నువ్వేం మా అమ్మవి కాదుగా’ అంటుంది. ఆ మాటకి మీరు ఏడవకూడదు. ‘అమ్మనే, హోంవర్క్ చెయ్యి’ అంటే చాలు. తిండి మానేసినా, వారాల తరబడి ముభావంగా ఉన్నా 14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్, మనసు బాధలకి ప్రభుత్వం పెట్టిన ఫోన్ సాయం, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. అత్తగారికి మాత్రం మీవారే చెప్పాలి: ‘పెంచుకున్నాం’, ‘కన్నవాళ్ల బుద్ధులు’ లాంటి మాటలు ఇంట్లో వినపడకూడదని.

జగ్గన్నతోట సంగతి పాపకే వదిలేయండి. వెళ్తానంటే వెళ్లండి, మీరిద్దరూ వెంట ఉండండి. ఈ ఏడాది వద్దంటే ఆ మాట మీరే చెల్లెలికి చెప్పండి, పాప చేత చెప్పించకండి. ప్రభలు వచ్చే ఏడూ వస్తాయి.

ఆ బారసాల ఫోటో బీరువాలోంచి తీసి, మిగతా ఫోటోలున్న ఆల్బంలో మొదటి పేజీలో పెట్టండి. ఇవాళే.